తిరగబెట్టు జ్వరము – పునరావర్తక జ్వర విచారము

జలుబు, దగ్గు, జ్వరములతో వారము దినములు బాధపడి, కోలుకొని, తలస్నానము చేసి పనిలోనికి పోయిన మనిషి నాలుగైదు దినములకే మరల మంచము పట్టుట అనేక గృహములలో జరుగుచున్నదే. దీనినే మనవారు "జ్వరము తిరగబెట్టినది" అందురు. మొదట వచ్చిన జ్వరము కంటె తిరగబెట్టిన జ్వరము చెడ్డదని పెద్దల నమ్మకము. ఆయుర్వేద శాస్త్రమున దీనికి పునరావర్తక జ్వరమని పేరు.

అయితే తిరగబెట్టుట అను ఈ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు స్థితులు ఇమిడి యున్నవి. పాత వ్యాధియే పూర్తిగా పోక మరల తల ఎత్తుట ఒకటి. పాత వ్యాధి పోయి, క్రొత్తగా మరొక వైరస్ సోకుట రెండవది. వైరస్ వలన దెబ్బతిన్న ఊపిరితిత్తులపై వేరొక వ్యాధి వచ్చి పడుట మూడవది. వ్యాధి పోయినను దగ్గు, నీరసము మాత్రము మిగిలి యుండుట నాలుగవది. ఈ నాలుగింటికిని చికిత్స ఒకటి కాదు. నాలుగవ దానికి ఓర్పు, పథ్యము చాలును. మూడవ దానియందు ఒక్క రాత్రి ఆలస్యము చేసినను ప్రాణాపాయము కలుగవచ్చును. కనుక గృహవైద్యము చేయు ప్రతి ఇల్లాలును, ప్రతి గృహస్థును ఈ భేదమును గుర్తింప నేర్చుకొనవలెను.

శంషాబాద్ నేర్పిన పాఠము

శ్వాస మార్గమున వ్యాపించు వైరస్ వ్యాధులను గురించి చెప్పుకొనునప్పుడు మన తెలుగు ప్రాంతమున శంషాబాద్ విమానాశ్రయమును తలపక తప్పదు. 2008 మార్చిలో బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు ఇచ్చటికి తరలి వచ్చినవి. మరుసటి సంవత్సరమే ఈ విమానాశ్రయము పేరు దేశమంతట వినబడినది. అమెరికా నుండి దుబాయి మీదుగా వచ్చి ఇచ్చట దిగిన 23 ఏండ్ల యువకునికి స్వైన్ ఫ్లూ సోకినట్లు 2009 మే 16న నిర్ధారణ అయినది. భారత దేశమున నిర్ధారింపబడిన మొదటి స్వైన్ ఫ్లూ రోగి ఆతడే. ఆతనిని ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ వైద్యశాలలో ప్రత్యేకముగా ఉంచి చికిత్స చేసిరి. ఆతడు కోలుకొనెను.

విమానాశ్రయమున చేయు ఉష్ణ పరీక్ష శరీరపు వేడిని మాత్రమే పట్టుకొనగలదు. జ్వరము రాకమునుపు వైరస్ శరీరమున దాగియుండు కాలము ఫ్లూ వ్యాధియందు 1 మొదలు 4 దినములు. కోవిడ్ వ్యాధియందు 2 మొదలు 14 దినములు. ఈ కాలమున ప్రయాణించు వానికి వేడి ఉండదు. పారసెటమాల్ బిళ్ల మ్రింగి దిగిన వానికిని వేడి కనబడదు. ఇక దారులు అనేకములు. తెలంగాణలో 2020 మార్చి 2న వెల్లడియైన మొదటి కోవిడ్ రోగి దుబాయి నుండి బెంగుళూరునకు విమానములో వచ్చి, అచ్చటి నుండి బస్సులో హైదరాబాదు చేరినవాడు. శంషాబాద్‌లోని పరికరము ఎంత మంచిదైనను ఆతనిని పట్టుకొనుటకు అవకాశమే లేదు.

2021 డిసెంబరులో తెలంగాణలో మొదట గుర్తింపబడిన ఒమిక్రాన్ రోగులు కూడ ఈ విమానాశ్రయమున దిగిన విదేశీ ప్రయాణికులే. ఒమిక్రాన్ రాకతో, ఒకసారి కోవిడ్ వచ్చి తగ్గిన వారికి మరల సోకుట ప్రపంచమంతట ఎక్కువయ్యెను. ఇక నాకు రాదు అనుకొన్నవారే రెండవసారి, మూడవసారి మంచము పట్టిరి.

వేడి లేనంత మాత్రమున వ్యాధి లేదనుకొనరాదు. ఇది విమానాశ్రయ ద్వారమునకు ఎంత సత్యమో, ఇంటిలో కోలుకొనుచున్న రోగికి కూడ అంత సత్యము. ఈ విషయమును మన ఆచార్యులు ఏనాడో గుర్తించిరి.

ఆచార్యుల దృష్టి

చరక సంహిత చికిత్సాస్థానమున మూడవ అధ్యాయము జ్వర చికిత్సకు సంబంధించినది. అందులో పునరావర్తక జ్వరమును గురించి ప్రత్యేకముగా చెప్పబడినది. జ్వరము విడిచిన పిమ్మట బలము చేకూరక మునుపే అపథ్యములు సేవించువానికి జ్వరము మరల వచ్చునని చరకుని అభిప్రాయము. దోషములు పూర్తిగా నిర్హరింపబడక కొంచెము మిగిలియున్నచో స్వల్పమైన అపచారముతోడనే అవి మరల ప్రకోపించును. సుశ్రుతుడు కూడ, జ్వరము విడిచిన వానియందు మిగిలిన అల్ప దోషము అహితాహారము వలన పెరిగి ధాతువులను ఆశ్రయించి విషమ జ్వరమును కలిగించునని చెప్పెను.

ఇచ్చట గమనింపవలసిన దేమనగా, జ్వరము విడుచుట, బలము చేకూరుట అనునవి రెండు వేర్వేరు ఘట్టములు. ఈ రెండింటి మధ్య గల కాలమే అపాయకరమైన కాలము. బలము వచ్చువరకు వ్యాయామము, స్త్రీ సంగమము, స్నానము, అధికముగ నడచుట కూడదని చరకుడు నిషేధించెను. సరిపడని ఆహారము, విరుద్ధాహారము, గురువైన పదార్థములు, అతిగా భుజించుట కూడ వర్జ్యములే.

దోషములు మిగిలి యున్నను ప్రతివానికి జ్వరమే రావలెనని లేదు. వేడి లేకుండగనే దీనత్వము, వాపు, అలసట, పాలిపోవుట, అన్నము సహింపకుండుట, దురద, మందాగ్ని కలుగవచ్చునని కూడ చరకుడు వ్రాసెను. కోవిడ్ తగ్గిన పిమ్మట నెలల తరబడి నీరసముతో బాధపడిన వారి స్థితికి ఈ వర్ణన ఎంతయో దగ్గరగా ఉన్నది.

మరి జ్వరము నిజముగా విడిచినట్లు తెలియుట ఎట్లు? వాగ్భటుడు అష్టాంగ హృదయమున ఆ లక్షణములను చెప్పెను. శరీరము తేలికపడుట, బడలిక, మైకము, తాపము తొలగుట, చెమట పట్టుట, తుమ్ములు వచ్చుట, ఇంద్రియములు చురుకగుట, మనస్సు స్వస్థతకు వచ్చుట, అన్నముపై కోరిక కలుగుట, తలయందు దురద, నోరు పూయుట మొదలగునవి జ్వర విముక్తి లక్షణములు. వీనిలో ఆకలి, మనస్సు తేటపడుట ముఖ్యములు. థర్మామీటరులో వేడి తగ్గినను ఆకలి లేక, లేవగనే కళ్లు తిరుగుచున్న వానికి జ్వరము పూర్తిగా విడిచినదని తలపరాదు.

నవీన విజ్ఞానము చెప్పు నాలుగు కారణములు

1. మిగిలిన వ్యాధి మరల తల ఎత్తుట: 2022 జులై 21న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్‌కు కోవిడ్ సోకినట్లు ప్రకటింపబడినది. పాక్స్‌లోవిడ్ అను మందు వాడగా తగ్గి, పరీక్షలో వైరస్ లేదని తేలినది. జులై 30న మరల ఉన్నదని తేలినది. ఇట్టి తిరుగుడు కోలుకొన్న 2 మొదలు 8 దినములలో వచ్చునని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఆ సంవత్సరము మే నెలలోనే వైద్యులకు తెలిపి యుండెను. ఈ మందు వాడని వారియందును ఇట్లు జరుగుట కలదు. సామాన్యముగా ఇది తేలికగానే ఉండి కొద్ది దినములలో తగ్గును. అయితే ఆ దినములలో రోగి ఇతరులకు వ్యాధిని అంటింపగలడు.

పరీక్షలో మరల పాజిటివ్ వచ్చినంత మాత్రమున వ్యాధి తిరగబెట్టినదని భయపడరాదు. 2020లో దక్షిణ కొరియాలో, కోలుకొన్న పిమ్మట మరల పాజిటివ్ వచ్చిన 285 మందిని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ పరిశీలించినది. వారితో మెలగిన 790 మందిలో ఎవరికిని వారి రెండవ పాజిటివ్ కాలమున వ్యాధి సోకినట్లు తేలలేదు. 108 మంది నమూనాలను పెంచి చూడగా జీవముగల వైరస్ దొరకలేదు. పరీక్షకు చిక్కినవి చచ్చిన వైరస్ తునకలే.

2. మరల సోకుట: ఒకే మనిషికి కోవిడ్ రెండవసారి సోకినట్లు ప్రపంచమున మొదట నిరూపింపబడినది కూడ ఒక విమానాశ్రయములోనే. 2020 ఆగస్టు 15న హాంకాంగ్ విమానాశ్రయమున జరిపిన పరీక్షలో, ఐరోపా నుండి తిరిగి వచ్చిన 33 ఏండ్ల మనిషికి పాజిటివ్ వచ్చెను. మొదటిసారి వచ్చి అప్పటికి 142 దినములైనది. రెండు వైరసుల జన్యువులను పోల్చి చూడగా అవి వేర్వేరు వైరసులని తేలినది. రెండవసారి ఆతనికి ఏ బాధయు లేదు. ఉష్ణ పరీక్ష మాత్రమే చేసి యున్నచో ఆతడు తప్పించుకొనిపోయెడివాడు.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి, రెండు పాజిటివ్ పరీక్షల నడుమ కనీసము 102 దినములు గడచి, మధ్యలో ఒక నెగటివ్ పరీక్ష యుండినచో దానిని రెండవ సోకుడుగా లెక్కించినది. ఆ ప్రకారము పరిశీలించిన 1300 మందిలో 58 మంది అట్టివారని తేలినది. ఇది 2020 నాటి లెక్క, ఒమిక్రాన్‌కు ముందుది.

సాధారణ జలుబునకు కారణమైన రైనో వైరసులలో నూటయేబదికి పైగా రకములున్నవి. ఒక దానికి శరీరము సంపాదించిన రక్షణ మరియొక దానికి పనిచేయదు. జలుబు కలిగించు నాలుగు పాత కరోనా వైరసులను నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు దీర్ఘకాలము పరిశీలింపగా, సుమారు ఒక సంవత్సరము గడచిన పిమ్మట అదే వైరస్ మరల సోకుట తరచుగా కనబడినది. ఫ్లూ వైరస్ ఏటేట రూపము మార్చుకొనును. అందుచేతనే ఫ్లూ టీకాను కూడ ఏటేట మార్చుచున్నారు. కాబట్టి మరల జలుబు చేసిన ప్రతివాడును బలహీనుడని గాని, పాత మందు వికటించినదని గాని అనుకొనరాదు.

3. పైబడు వ్యాధి: ఇదియే అన్నింటికంటె ప్రమాదకరము. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో మరణించిన వారిలో అధికులు వైరస్ వెంట వచ్చిన బాక్టీరియా న్యుమోనియాతో మరణించినట్లు ఆనాటి ఊపిరితిత్తుల భాగములను తరువాతి కాలమున పరిశోధించిన శాస్త్రజ్ఞులు తేల్చిరి. వైరస్ శ్వాసనాళముల లోపలి పొరను గాయపరచును. ఆ గాయము మానకమునుపే గొంతులోని బాక్టీరియా లోనికి దిగి చీము పట్టించును. రోగి రెండు మూడు దినములు తేలికగా ఉండి, అకస్మాత్తుగా చలితో కూడిన తీవ్ర జ్వరము, ప్రక్క పోటు, పసుపుపచ్చని లేక రక్తపు చారలు గల కఫము, ఆయాసములతో పడిపోవును.

2021లో కోవిడ్ రెండవ అల కాలమున, తగ్గినదని ఇంటికి వచ్చిన అనేకులకు ముక్కు, కన్ను ప్రాంతములలో బ్లాక్ ఫంగస్ వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2021 మే నెలలో దీనిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాలను చికిత్సకు కేంద్రముగా చేసినది. అదుపులేని మధుమేహము, అధికముగా వాడిన స్టెరాయిడ్లు దీనికి ముఖ్య కారణములు.

4. మిగిలిన దగ్గు: 2023 మార్చిలో దేశమంతట హెచ్3ఎన్2 ఫ్లూ వ్యాపించినప్పుడు, జ్వరము మూడు దినములలో తగ్గినను దగ్గు మూడు వారముల వరకు ఉండవచ్చునని, అనవసరముగా యాంటీబయోటిక్ మందులు వాడవద్దని భారత వైద్య సంఘము ప్రకటించినది. ఇట్టి దగ్గు రాత్రివేళ, చల్లగాలికి, దుమ్ముకు ఎక్కువగును. జ్వరము, ఆయాసము ఉండవు. ఆకలి బాగుగనే ఉండును. ఇది పుండు మాని పెచ్చు రాలుట వంటిది.

అయితే ప్రతిశ్యాయము కాసముగను, కాసము క్షయగను పరిణమించునను చరకుని హెచ్చరికను మరువరాదు. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో తప్పక కఫ పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో క్షయ పరీక్ష, మందులు ఉచితము.

భేదమును గుర్తించు విధము

ఇంటిలో రోగి ఉన్నప్పుడు ఒక కాగితముపై ప్రతిదినము రెండు పూటల వేడి, ఆకలి, దగ్గు, ఆయాసములను వ్రాసియుంచుట మంచి అలవాటు. జ్వరము విడిచిన దినమును తప్పక గుర్తుపెట్టుకొనవలెను. ఆ దినము నుండి లెక్కింపవలెను.

– వారము లోపల, తేలికపాటి జ్వరము, ముక్కు కారుట, గొంతు నొప్పి మరల వచ్చి, ఆకలి కొంతవరకు ఉన్నచో అది మిగిలిన వ్యాధి కావచ్చును.

– నెల రెండు నెలలు పూర్తి ఆరోగ్యముతో గడచి, ఇంటిలోనో పనిచోటనో మరియొకరికి జలుబు ఉండగా వచ్చినచో అది క్రొత్తగా సోకినది కావచ్చును.

– ఒకటి రెండు దినములు నెమ్మదించి, మొదటికంటె తీవ్రమైన జ్వరము, ఆయాసము, ప్రక్క పోటు వచ్చినచో అది పైబడిన వ్యాధి అని తలచి వెంటనే వైద్యశాలకు పోవలెను.

– వేడి లేక, ఆకలి ఉండి, దగ్గు మాత్రమే వారము వారమునకు తగ్గుచున్నచో అది మిగిలిన దగ్గు.

మలేరియా, టైఫాయిడ్, డెంగీ జ్వరములు కూడ విడిచి విడిచి వచ్చుట కలదు. జలుబు, దగ్గు లేకుండ జ్వరము మాత్రమే తిరగబెట్టినచో రక్త పరీక్ష చేయింపవలెను.

అపాయ సూచనలు

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను కషాయములతో కాలక్షేపము చేయరాదు. 108 వాహనమును పిలిచి వైద్యశాలకు చేర్పవలెను.

– కూర్చుని యుండగనే ఆయాసము; పెద్దలయందు నిమిషమునకు 24 కంటె ఎక్కువ శ్వాసలు.

– 2 నెలలు మొదలు సంవత్సరము లోపు శిశువునకు నిమిషమునకు 50, 1 మొదలు 5 ఏండ్ల బిడ్డకు 40, అంతకు మించిన శ్వాసలు. శ్వాస తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుట.

– పల్స్ ఆక్సీమీటరులో 94 కంటె తక్కువ చూపుట.

– పెదవులు, గోళ్లు నీలివర్ణమగుట, మాట తడబడుట, మగత, కఫమున రక్తము.

– ముఖమున ఒక ప్రక్క వాపు, కన్ను వాచుట, ముక్కు నుండి నల్లని స్రావము.

వృద్ధులు, గర్భిణులు, మధుమేహము, ఉబ్బసము, గుండె జబ్బు గలవారు ఇంతవరకు ఎదురుచూడక, జ్వరము తిరగబెట్టిన దినముననే వైద్యునికి చూపించుకొనవలెను.

చికిత్స – గృహవైద్యము

అపాయ సూచనలు లేనివారు ఈ విధమును అనుసరింపవచ్చును.

ఆహార క్రమము: లంఘనము వలనను, జ్వరము వలనను మందగించిన అగ్నిని క్రమముగా పెంచవలెను. నిప్పురవ్వపై ముందుగా ఎండుగడ్డి, పుల్లలు వేసి, పిదప దుంగలు పెట్టినట్లే ఇదియును. మొదటి దినము పేలాల జావలో గాని, పాత బియ్యపు పలుచని జావలో గాని చిటికెడు శొంఠి, పిప్పలి పొడి వేసి ఈయవలెను. రెండవ దినము చిక్కని జావ. పిదప నూనె, తిరగమోత లేని పెసరకట్టు. ఆ తరువాత నేయి, సైంధవ లవణము, మిరియాల పొడి చేర్చిన పెసరకట్టుతో మెత్తని అన్నము. మాంసాహారులు చివరగా మాంసరసము త్రాగవచ్చును. ఆకలి అయిన పిమ్మటనే తదుపరి మెట్టునకు పోవలెను. మధుమేహమునకు మందులు వాడువారు లంఘనము చేయరాదు.

విశ్రాంతి: జ్వరపు మందు వేసుకొనకుండగనే 24 గంటలు వేడి లేకుండ గడచినగాని బయటకు పోరాదు. అటుపిమ్మటను, జ్వరము ఎన్ని దినములున్నదో కనీసము అన్ని దినములు బరువు పనులు, పరుగు, వ్యాయామము మానవలెను. జ్వరము విడిచిన దినముననే తలస్నానము చేయించు ఆచారము మన ఇండ్లలో కలదు. ఇది శాస్త్ర సమ్మతము కాదు. స్నానము వలన వైరస్ తిరిగి రాదు గాని, బలహీనుడైన రోగికి వణుకు, కళ్లు తిరుగుట కలుగును. బలము వచ్చువరకు గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో ఒడలు తుడిచిన చాలును.

షడంగ పానీయము: తుంగముస్తలు, పర్పాటకము, వట్టివేళ్లు, చందనము, కురువేరు, శొంఠి సమభాగములుగా దంచి, ఆ పొడి ఒక తులము ఒక లీటరు నీటిలో వేసి సగము మిగులునట్లు కాచి వడగట్టి, దాహమైనప్పుడెల్ల కొంచెము కొంచెముగా త్రాగవలెను. జ్వరమునందలి దాహమునకు, తాపమునకు ఇది మంచిది.

కిరాతతిక్తాది కషాయము: కిరాతతిక్తము, కటుకరోహిణి, తుంగముస్తలు, పర్పాటకము, తిప్పతీగ – ఈ ఐదింటి కషాయమును పునరావర్తక జ్వరమునకు చరకుడు ప్రత్యేకముగా చెప్పెను. ఇది మిక్కిలి చేదుగా ఉండును. దీనిని ఆయుర్వేద వైద్యుడు రోగి బలమును చూచి మోతాదు నిర్ణయించినగాని వాడరాదు. హైదరాబాదు పరిసరముల వారు ఎర్రగడ్డలోని డాక్టర్ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో సలహా పొందవచ్చును.

మిగిలిన దగ్గునకు: వేడి చేసి చల్లార్చిన ఉప్పునీటితో ఉదయము, రాత్రి పుక్కిలింపవలెను. కరక్కాయ పెచ్చు చిన్న ముక్కను బుగ్గన ఉంచుకొని రసము మ్రింగుచుండవలెను. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు సమముగా చేసిన త్రికటు చూర్ణము రెండు చిటికెలు తేనెతో రెండు పూటల నాకవలెను. పొడిదగ్గు గలవారు పసుపు వేసి కాచిన పాలు రాత్రి త్రాగవచ్చును.

హెచ్చరికలు

మూలిక గదా, హాని చేయదు అను తలంపు సరికాదు. 2020లో కోవిడ్ భయముతో మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క కషాయములను దినమునకు నాలుగైదు మార్లు త్రాగి కడుపులో మంట తెచ్చుకొన్నవారు అనేకులు. కడుపులో పుండు గలవారికి త్రికటు కూడదు. కాలేయ వ్యాధి గలవారు వైద్యుని అనుమతి లేక తిప్పతీగను వాడరాదు. గర్భిణులకు అడ్డసరపు ఆకు కషాయము కూడదు. రక్తపోటు గలవారు అతిమధురమును ఎక్కువ దినములు వాడరాదు. సంవత్సరము నిండని శిశువునకు తేనె ఈయరాదు. వైరస్ జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు.

ఆవిరి పట్టుట వలన ముక్కు దిబ్బడ తగ్గి హాయి కలుగును గాని వైరస్ చావదు. మరుగు నీటి గిన్నెను పిల్లల ముందుంచినచో కాలుట జరుగును. గతసారి మిగిలిన యాంటీబయోటిక్, స్టెరాయిడ్ బిళ్లలను ఈసారి తామే మ్రింగుట మిక్కిలి అపాయకరము. వైద్యుడు వ్రాసి ఇచ్చిన ఆస్తమా, మధుమేహ, గుండె మందులను కషాయము త్రాగుచున్నామని మానరాదు.

విమానాశ్రయమున పని చేయువారు, ప్రయాణికులు

కలసి కూర్చుండుట, శ్వాస తగులుట, ఒకే పడకను, వస్త్రములను వాడుట వలన జ్వరాదులు ఒకరినుండి ఒకరికి సంక్రమించునని సుశ్రుతుడు చెప్పెను. శంషాబాద్ వంటి చోట ఇది నిత్య జీవితము. సామానులు మోయువారు, శుభ్రపరచువారు, టాక్సీ నడుపువారు, వంటశాలలలో రాత్రి పని చేయువారు దినమునకు వందల మంది శ్వాస నడుమ మెలగుచుందురు. పగలు నిద్ర, రాత్రి జాగరణ, వేళ తప్పిన భోజనము వారి బలమును తగ్గించును. ఒక దినము పని మానిన ఆ దినపు కూలి పోవును గనుక జ్వరము విడిచీ విడువకమునుపే పనికి పోవువారు అనేకులు. ఇట్టివారు కనీసము మొదటి వారము తేలికపని అడిగి తీసికొనవలెను. మాస్క్ ధరింపవలెను. టాక్సీ అద్దములు దించి గాలి పారనీయవలెను. మూడు నాలుగు దినముల విశ్రాంతికి పోవు కూలి కంటె న్యుమోనియాతో పడిన పిదప పోవునది అనేక రెట్లు అధికము.

గల్ఫ్ దేశముల నుండి వచ్చు తమవారిని తీసికొనిపోవుటకు కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతముల నుండి కుటుంబములు బండ్లు కట్టించుకొని వచ్చుట వాడుక. వచ్చినవానికి జలుబు, దగ్గు ఉన్నచో బండిలో అందరు మాస్క్ ధరించి కిటికీలు తెరచి యుంచవలెను. ఇంటిలో వృద్ధులు, పసిబిడ్డలు ఉన్నచో నాలుగైదు దినములు వేరు గదిలో పరుండవలెను. ప్రేమతో చేయు ఈ దూరము అవమానము కాదు. జ్వరముతో ప్రయాణము వాయిదా వేయుటకు వీలున్నచో వేయవలెను. విమానములోని గాలి మిక్కిలి పొడిగా ఉండును గనుక మాటిమాటికి నీరు త్రాగుచుండవలెను. 60 ఏండ్లు దాటినవారు, దీర్ఘవ్యాధులు గలవారు దూర ప్రయాణమునకు రెండు వారములు ముందుగనే ఫ్లూ టీకా విషయము వైద్యుని అడుగవలెను. రసాయన చికిత్సయు టీకాయు ఒకదానికొకటి విరోధములు కావు.

పాఠకులు ఈ మూడింటిని గుర్తుంచుకొనిన చాలును. జ్వరము విడిచిన దినమును వ్రాసియుంచుడు. ఆకలియు బలమును వచ్చువరకు పథ్యమును విడువకుడు. నెమ్మదించి మరల హెచ్చిన జ్వరముతో ఆయాసము కూడ ఉన్నచో, పొయ్యిపై కషాయమును దింపి ముందుగా వైద్యశాలకు పొండు.